పదమూడో ప్లేటు

సెలవు రోజున కాలేజీకి వెళ్తే ఒక సుఖం ఉంది. వరండాలో ఎవరూ ఎదురుపడరు. "థీసిస్ ఎంతవరకు వచ్చిందమ్మా?" అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడిగించుకోవడం పెద్దక్కకు ఇది ఆరో ఏడు. మొదట్లో నవ్వి ఊరుకునేది. తర్వాత తర్వాత ఎవరైనా దూరం నుంచి వస్తుంటే ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించడం నేర్చుకుంది.

ఆ రోజు పొద్దుటి నుంచి వాన. కొట్టి వెలిసే వాన కాదు, విసుగు పుట్టించే వాన. కింది వరండాలో సీసాలు కడిగే ఆయమ్మ ఒక్కతే తొట్టి ముందు కూర్చుని గాజు గొట్టాల్లో బ్రష్షు పెట్టి తిప్పుతోంది.

"సెలవు పూట కూడా వచ్చావా తల్లీ? ఇంట్లో కాలు నిలవదా నీకు?"

"నువ్వు రాలేదూ?"

"నాకంటే గతి లేక. నీకు బోలెడు చదువుంది."

"ఆ చదువుండబట్టే ఆయమ్మా, గతి లేనిది," అంది పెద్దక్క.

ఆయమ్మ పడీ పడీ నవ్వింది. పెద్దక్క కూడా నవ్వింది. కానీ కోటు జేబులో చేతి తొడుగుల్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. ఆమె ఆ రోజు పని చెయ్యడానికి రాలేదు. పని చెడగొట్టడానికి వచ్చింది.

మెట్ల కింద నేలమాళిగలో ఒక గది ఉంది. కిటికీ లేదు, వెంటిలేటరు లేదు. లోపల పగలూ రాత్రీ ఒకటే. ఆ గదిలో ముగ్గురి పని కలిసి సాగుతోంది. సముద్రపు నీళ్ళలో బతికే ఒక రకం సూక్ష్మజీవులు ఉన్నాయి. చీకట్లో వాటంతట అవే వెలుగుతాయి. వాటిని ఉప్పు కలిపిన అగర్, అంటే జెల్లీలాంటి మేత, పోసిన మూతల ప్లేట్ల మీద పెంచడం పెద్దక్క వంతు. ఆమెది సూక్ష్మజీవుల శాస్త్రం. అందరికంటే ముందు చేరింది కనుక అందరి నోటా పెద్దక్క అయిపోయింది. ఆ సన్నని వెలుగును పట్టే కెమెరా తయారు చేసింది లెన్సుబాబు. అతనిది ఫిజిక్స్. కళ్ళద్దాలు సీసా అడుగంత మందంగా ఉంటాయి కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. కెమెరా తీసిన బొమ్మల్ని చదివి, వెలుగు తర్వాత ఎటు పాకుతుందో ముందే లెక్కకట్టి చెప్పే ప్రోగ్రాం రాసింది పిచ్చుక. కంప్యూటర్ల పిల్ల. చేరి ఎనిమిది నెలలే అయింది. పొద్దున తలుపు తీసిన దగ్గర నుంచి సాయంత్రం తాళం వేసేదాకా కిచకిచమంటూనే ఉంటుంది. ముగ్గురికీ గైడు ఒక్కరే. మేడమ్.

ఈ సూక్ష్మజీవులకు ఒక గుణం ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు వెలగవు. చుట్టూ తమలాంటివి గుంపుగా చేరాయని తెలిశాకే వెలుగుతాయి. ప్లేటులో ఒక మూల మొదలైన వెలుగు, ఒక వత్తి నుంచి ఇంకో వత్తికి అంటుకున్నట్టు మెల్లగా పాకుతుంది. అలా పాకుతుందని మొదట చూసింది పెద్దక్క. అప్పుడు కెమెరా లేదు, ప్రోగ్రామూ లేదు. రెండేళ్ళు ఆ చీకట్లో స్టూలు మీద కూర్చుని, కళ్ళు కాయలు కాచేలా చూసి, చూసినదాన్ని నోటుబుక్కులో చుక్కలుగా పెట్టుకుంది. మూడు నోటుబుక్కులు నిండాయి. వాటిని మేడమ్ బల్ల మీద పెడితే, ఆవిడ పేజీలు తిప్పి, "బాగుంది, ఇంకా చూడు," అంది. అంతే.

అదే సంగతిని పిచ్చుక వచ్చిన నాలుగో నెలలో రంగుల గీతలుగా తెర మీద చూపించింది. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆరేళ్ళలో ఆవిడ అలా లేవడం పెద్దక్క చూడలేదు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! ఆ రోజు నుంచి మీటింగులో మేడమ్ పక్క కుర్చీ పిచ్చుకది. "ఇలా రా, ఇక్కడ కూర్చో," అని తన చేత్తో జరిపి మరీ ఇచ్చేది. పెద్దక్క గోడవార స్టూలు మీద, బీరువాకూ ఫ్రిజ్జుకూ మధ్య కూర్చునేది. ఆ ఫ్రిజ్జు చప్పుడులో మేడమ్ మాటలు సగం వినపడేవి కావు. పిచ్చుక నవ్వు మాత్రం పూర్తిగా వినపడేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా శుక్రవారం అసలు సంగతి తేలింది. మొదటి పేపరులో మొదటి పేరు పిచ్చుకది అని మేడమ్ తేల్చేసింది. వీళ్ళ లోకంలో మొదటి పేరంటే ఆ పని ఎవరిదో చెప్పే పేరు. మిగతావన్నీ తోడు పేర్లే. మొదటి పేరుతో ఒక్క పేపరైనా లేకపోతే థీసిస్ తీసుకోరు. పెద్దక్కకు గడువు ఈ ఏడాది చివరికి సరి. ఆ తర్వాత రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు. ఆరేళ్ళు గాలికి పోతాయి.

మీటింగు అయ్యాక పిచ్చుక వరండాలో వెంటపడి వచ్చింది.

"పెద్దక్కా! ఆగవే... ఇలా అవుతుందని నాకు తెలీదు. నీ పేరే ముందుండాలి. నేను మేడమ్‌తో మాట్లాడతా. కావాలంటే రాసి ఇస్తా."

"ఎందుకులే. నీ కష్టం నీది."

"నువ్వు చూడకపోతే అసలు ఇదంతా ఎక్కడుండేది?"

"సర్లే, వెళ్ళు. హాస్టలు బస్సు పోతుంది."

పైకి నవ్వింది. లోపల మాత్రం ఎండుగడ్డికి నిప్పు పడినట్టయింది. ఆ పిల్ల ఎగతాళి చేసి ఉంటే ఇంత మండేది కాదు. జాలి పడింది. నా పేరు నాకు భిక్ష వేస్తుందట! ఆ రాత్రి పెద్దక్క అన్నం ముందు కూర్చుని కలిపిందే కలుపుతూ ఉండిపోయింది. వాళ్ళమ్మ "ఒంట్లో బాగాలేదా?" అంటే, "ఆకలి లేదు," అంది. నిజమే. కడుపు నిండా అదే ఉంది.

పిచ్చుక ఒక తప్పు చేస్తూ వచ్చింది. ఎనిమిది నెలలుగా చేస్తోంది. ప్లేటు మీద గుర్తు రాయాలంటే అడుగున రాయాలి. మూత మీద రాయకూడదు. మూత వస్తుంది, పోతుంది, ఒకదాని మూత ఇంకోదాని మీదికి మారిపోతుంది. పెరిగేది అడుగునే కనుక పేరూ అడుగునే ఉండాలి. సూక్ష్మజీవుల ల్యాబులో అక్షరాభ్యాసం లాంటి పాఠం ఇది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ మొదటి రోజే పెద్దక్క చెప్పేది. ఇప్పటికి పదిహేనుమందికి చెప్పి ఉంటుంది. పిచ్చుకకు చెప్పలేదు. మొదటిసారి ఆ పిల్ల మూత అంచు మీద అందంగా చీటీ అతికించి, దాని మీద అంకె వేసి, కింద తన పేరు రాసుకుంటుంటే పక్కనే నిలబడి చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. మింగినప్పుడు హాయిగా ఉంది.

ఇప్పుడు ఆ నేలమాళిగలో పన్నెండు ప్లేట్లున్నాయి. ముందు వరస ఆరింటికి మందు పోశారు. ఆ మందు గుంపు కబురు అందకుండా చేస్తుంది కనుక వెలుగు పాకకూడదు. వెనక వరస ఆరింటికి మందు లేదు. పాకాలి. సోమవారం పొద్దున పిచ్చుక మూతలు చదివి, ఏ చోట ఏ ప్లేటు ఉందో ప్రోగ్రాముకు చెబుతుంది. ముందు వరస మూతలు వెనక వరసకూ, వెనక వరసవి ముందుకూ మారితే చాలు. లెక్క మొత్తం తలకిందులవుతుంది. మేడమ్ ముందు ఆ పిల్ల బిక్కమొహం వేస్తుంది. అప్పుడు గోడవార స్టూలు మీది మనిషి లేచి, నెమ్మదిగా, "మూతల మీద రాసిందేమో మేడమ్, మళ్ళీ నేను చేస్తాను," అంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఒకటే చిక్కు. లోపల లైటు వెయ్యకూడదు. ఒక్క క్షణం వెలుతురు పడినా కెమెరా పసిగట్టి కంప్యూటరులో టైముతో సహా రాసేస్తుంది. పది నిమిషాలకోసారి అది బొమ్మ తీస్తుంది. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్యలోనే, కటిక చీకట్లో, చేతి తడుముడుతోనే పని కావాలి.

మూడున్నర కావస్తుండగా పెద్దక్క బయటి తలుపు తీసింది. ఆ గదికి రెండు తలుపులు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఇరుకు దారి. ఒకటి మూశాకే రెండోది తియ్యాలి, వెలుతురు లోపలికి జారకుండా. బయటి తలుపు మూసింది. ఆయమ్మ బ్రష్షు చప్పుడు ఆగిపోయింది. వాన చప్పుడు కూడా. రెండో తలుపు తీసి లోపలికి అడుగుపెట్టింది.

చీకటి.

బయట మనం చీకటి అనుకునేది చీకటి కాదు. ఎక్కడో ఒక నక్షత్రం, ఏదో తలుపు సందు ఉంటుంది. ఇది వేరు. ముఖం ముందు చెయ్యి పెట్టుకుంటే చెయ్యి లేదు. కాసేపటికి ముఖం కూడా ఉందో లేదో అనిపిస్తుంది. ఆ గది పెద్దక్కకు కొత్త కాదు. తల్లి ఒడి ఎంత తెలుసో ఆ స్టూలు అంత తెలుసు. కూర్చుంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి పావుగంట పడుతుంది. ఉప్పు వాసన. కాస్త నీచు వాసన. సముద్రం ఆ ఊరికి ఎన్ని వందల మైళ్ళో, కానీ ఆ గదిలో ఎప్పుడూ తడి ఇసుక వాసనే.

మెల్లగా వెనక వరస తేలింది. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. ఆరు గుండ్రటి మసక దీపాలు. ముందు వరసలో అక్కడక్కడ ఒక్కో చుక్క. ఎంత అందంగా ఉన్నాయో! వీటిని పెంచింది నేను. పేరు మాత్రం ఆ పిల్లది.

టిక్.

కెమెరా బొమ్మ తీసింది. ఇక పది నిమిషాలు.

చేతి తొడుగులు వేసుకుని మొదటి జత దగ్గరకు వంగింది. ముందుది మూత ఎత్తింది, వెనకది ఎత్తింది, మార్చి పెట్టింది. ఎంత తేలిక! రెండో జత. మూడో జత. లోపలి మంట కొంచెం కొంచెంగా చల్లారుతున్నట్టుంది. నాలుగు. ఐదు. ఆరు. అయిపోయింది. నడుం ఎత్తి ఊపిరి పీల్చుకుంది. ఏ ప్లేటూ మూత లేకుండా ఉండిపోలేదు కదా? సరి చూసుకోవాలి. వేలితో ఒక్కో మూతనూ తాకుతూ గుసగుసగా లెక్కపెట్టింది.

"ఒకటి... రెండు... మూడు..."

వేలి కింద చీటీలు ఒక్కొక్కటే తగులుతున్నాయి. ప్రతి చీటీ మీదా ఆ పిల్ల పేరే.

"...పది... పదకొండు... పన్నెండు."

"పదమూడు."

ఆ అంకె పెద్దక్క అనలేదు.

చెయ్యి గాలిలో ఆగిపోయింది. తలుపు తెరుచుకున్న చప్పుడు కాలేదు. ఎవరూ రాలేదు... వచ్చే దారి లేదు.

"ఎవరు?" అంది. "పిచ్చుకా... నువ్వేనా?"

నీచు వాసన ఒక్కసారిగా పెరిగింది. చాలా రోజులు మూసి ఉంచిన తడి గుడ్డ వాసన. ఎడమ చెవి దగ్గర, చెవి తమ్మెకు చల్లగా తగిలేంత దగ్గర...

"మారుస్తున్నావా?"

ఆడగొంతు. మాట్లాడటం మర్చిపోయి మళ్ళీ నేర్చుకుంటున్న గొంతు.

పెద్దక్క కదలలేదు. కదిలితే భుజం ఎవరికో తగులుతుందని తెలుస్తోంది.

"నావి కూడా ఇలాగే మార్చారు."

పెద్దక్క వేళ్ళు పన్నెండో మూత అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"నేనూ మూతల మీదే రాసుకున్నాను... నా పేరు కూడా. అలా రాయకూడదని ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు పక్కనే నిలబడి చూశారు... చెప్పలేదు."

ఏదో వచ్చి పెద్దక్క మణికట్టు పట్టుకుంది. వేళ్ళే. తొడుగు మీద నుంచి కూడా చలి ఎముకకు తగిలింది. ఆ వేళ్ళు ఆమె చేతిని మెల్లగా, చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుని, వరస చివరకు తీసుకెళ్ళాయి. పన్నెండో ప్లేటు పక్కన... ఇంకో ప్లేటు. మూత లేదు. వేలి కొనలు తడి అగర్‌లో దిగబడ్డాయి. వెలుగు లేదు. చుట్టూ ఉన్న వెలుగు కూడా దానిలోకి ఇంకిపోతున్నట్టు నల్లగా ఉంది.

"దీనికి మూత లేదు... చూశావా?"

"వదులు..."

"ఒక పేరు ఇవ్వు. ఇన్నాళ్ళూ పేరు లేకుండా ఉన్నాను. ఒకటి ఇచ్చి వెళ్ళు."

"నన్ను వదులు తల్లీ... నీకు దండం పెడతా..."

"నీదైనా సరే. దానిదైనా సరే. నీ ఇష్టం."

తలుపు ఏ వైపుందో కూడా పెద్దక్కకు తెలియడం లేదు. పట్టు బిగుస్తోంది. వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి.

"దానిది!" అంది. "దానిది తీసుకో!"

భయంలో వచ్చిన మాట అది, ప్రాణం మీదికొస్తే ఎవరైనా అనే మాట, అని తర్వాత తనకు తను ఎన్నోసార్లు చెప్పుకుంది. కానీ ఒక సంగతి ఆమెకు తెలుసు. ఆ మాట అనేటప్పుడు నాలుక మీద తియ్యగా తగిలింది.

టిక్.

పట్టు వదిలింది.

తలుపు ఎటుందో తెలియక రెండు మూడు నిమిషాలు చీకట్లో తిరిగింది. అంతలో బయటి తలుపు దబదబా చప్పుడైంది. పెద్దక్క గోడలు తడుముకుంటూ, మోకాలు స్టూలుకు కొట్టుకుని, లోపలి తలుపు లాగి ఇరుకు దారిలో పడింది. బయటి తలుపు తెరుచుకుంది. వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. ఎదురుగా లెన్సుబాబు. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో ఫోను.

"ఏంటి పెద్దక్కా, మీరిద్దరూ లోపల చేస్తున్న పని? హాయిగా ఎదుటి బిల్డింగులో కునుకు తీస్తుంటే ఫోను ఒకటే మోత. బొమ్మలో ఏదో అడ్డొచ్చిందట."

"ఇద్దరా...?"

ఫోను ముందుకు పెట్టాడు. ప్లేట్ల మసక వెలుగు మీద నల్లగా చేతుల నీడలు. వేళ్ళతో సహా తేటగా ఉన్నాయి. పెద్దక్క లెక్కపెట్టింది. నాలుగు చేతులు.

"ఒక ప్లేటు జారింది... సర్దాను," అంది. ఆ కంగారులో కూడా అబద్ధం దానంతటదే వచ్చింది.

"సర్లే, ఒక్క బొమ్మే కదా. తీసి పారేస్తా. ఆ ఖాళీని ప్రోగ్రాం పూడ్చుకుంటుంది." అతను పెద్దక్క భుజం మీద నుంచి లోపలికి తొంగిచూసి నవ్వాడు. "ఏం పిచ్చుకా? సెలవు పూట నీకూ నిద్ర లేదా? నాలుగింటికి వస్తానన్నావు, అప్పుడే దిగావే!"

పెద్దక్క వెనక్కి తిరిగింది.

ఇరుకు దారిలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పిచ్చుక కాదు. ఎప్పుడూ చూడని మనిషి. పాతకాలపు కోటు, మెడ దాకా గుండీలు. జుట్టు తడిగా ముఖానికి అంటుకుని ఉంది. చాలా ఏళ్ళ తర్వాత వెలుతురు చూసినట్టు కళ్ళు చికిలిస్తోంది. కోటు మీద పిచ్చుక పేరు కుట్టి ఉంది.

"నిద్ర సరిపోయింది," అంది ఆ మనిషి.

"బాబూ," అంది పెద్దక్క. "బాబూ, అది..."

"ఏది?"

అది పిచ్చుక కాదు అనాలి. అంటే మరి ఎవరు, ఎలా వచ్చింది అంటాడు. లోపల ఏం జరిగింది, నువ్వు అసలెందుకు వెళ్ళావు అంటాడు. మూతల సంగతి చెప్పాలి.

"ఏం లేదు," అంది పెద్దక్క.

వాళ్ళిద్దరూ ముందు నడిచారు. లెన్సుబాబు ఏదో జోకు వేస్తున్నాడు. పెద్దక్క పిచ్చుక నంబరు నొక్కింది. మెట్ల మీద, ముందు వెళ్తున్న ఆ పాత కోటు జేబులోంచి ఫోను మోగింది. ఆ మనిషి ఆగింది, వెనక్కి చూసింది, ఫోను తియ్యలేదు.

సోమవారం పెద్దక్క అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. తెర మీద లెక్క తలకిందులుగా వచ్చింది. మందు పోసినవాటిలో వెలుగు పరుగెత్తింది, పోయనివాటిలో ఆగిపోయింది. మేడమ్ పక్క కుర్చీలో ఆ మనిషి చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తనను తను సమర్థించుకోలేదు. లెన్సుబాబే, "పిచ్చుకా, ఏదైనా మాట్లాడవే," అని రెండుసార్లు అన్నాడు. మేడమ్ మాత్రం ఆ కుర్చీ వైపు ఒక్కసారి చూసింది. చూసి కళ్ళద్దాలు తీసింది. తుడిచింది. మళ్ళీ పెట్టుకోలేదు. బల్ల మీదికి చూస్తూనే, "పేపరులో మొదటి పేరు పెద్దక్కది. ఇంక దీని గురించి మాట్లాడొద్దు," అని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మేడమ్ గదిలో పగలు కూడా అన్ని లైట్లూ వెలుగుతున్నాయి.

ఆరేళ్ళుగా ఎదురుచూసిన మాట. పెద్దక్క గోడవార స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. సంతోషం ఎక్కడో దగ్గరలోనే ఉన్నట్టుంది, చేతికి అందడం లేదు.

సాయంత్రం ఆయమ్మ దగ్గరికి వెళ్ళి ఊరికే అడిగినట్టు అడిగింది. "ఆ కింది గదిలో ఇదివరకు ఎవరు పని చేసేవాళ్ళు?"

"అబ్బో, ఎంతమందో! మేడమ్ కూడా మీలాగే అక్కడే చదువుకుంది. ఆమెకు జతగా ఇంకో పిల్ల ఉండేది. తెలివైన పిల్ల. ఏవో లెక్కలు తారుమారయ్యాయని అందరిలో మాట పడింది. ఆ మర్నాడు ఆ గదిలోకి వెళ్ళింది. వెళ్ళడం నేను చూశాను, రావడం ఎవరూ చూడలేదు."

"పేరేంటి?"

ఆయమ్మ బ్రష్షు ఆపింది. "అదే తల్లీ విచిత్రం. ముప్పై ఏళ్ళ కిందట పగిలిన సీసా ఎవరిదో చెప్పమను, చెబుతా. ఆ పిల్ల పేరు మాత్రం నోటిదాకా వచ్చి జారిపోతుంది. నాకే కాదు, ఎవరికీ గుర్తులేదు."

వారం తర్వాత పెద్దక్క ఇంక ఉండబట్టలేక మధ్యాహ్నం పన్నెండింటికి ఆ గదికి వెళ్ళింది. పై వరండా నిండా మనుషులు. బయటి తలుపు బార్లా తెరిచి, లోపలి తలుపు కొంచెం తీసి, తల మాత్రం లోపలికి పెట్టింది. ప్లేట్లు లేవు. ఏమీ లేదు. వచ్చేద్దామనుకుంటుండగా, గది చివర్నుంచి, చాలా చిన్నగా, గబగబా...

"పెద్దక్కా... పెద్దక్కా, నువ్వేనా? ఎంతసేపటి నుంచి పిలుస్తున్నానో... లైటు వెయ్యవా? ఇక్కడ నాకు నేనే కనపడట్లేదు..."

లైటు వేసింది. ఖాళీ స్టూలు. ఖాళీ బల్ల. మాట మధ్యలో తెగిపోయింది. ఆర్పింది.

"...వేసినప్పుడు నేను పోతున్నా పెద్దక్కా... వద్దు, ఆర్పే ఉంచు... వెళ్ళకు..."

తలుపు మూసి మెట్లన్నీ పరుగున ఎక్కింది. ఆ తర్వాత ఆ గది వైపు వెళ్ళలేదు. మేడమ్‌తో చెబుదామని మూడుసార్లు ఆవిడ గది ముందు దాకా వెళ్ళింది. ప్రతిసారీ పేపరు గుర్తొచ్చింది. పేపరు బయటికి రానీ, థీసిస్ ఇవ్వనీ, అప్పుడు చెబుతాను అనుకుని వెనక్కి వచ్చింది. పక్క కుర్చీలోంచి ఆ మనిషి చూసే చూపు కూడా ఆమెకు తెలుస్తూనే ఉంది. అది కోపం చూపు కాదు. కోపమైతే పెద్దక్కకు అంత భయం వేసేది కాదు. ఆరేళ్ళుగా, ఎనిమిది నెలలుగా, తను గోడవారగా కూర్చుని చూసిన చూపే అది. ఎదుటివాళ్ళ దగ్గరున్నదాని మీద పడి లేవలేని చూపు.

తలకిందులైన లెక్క పక్కన పెట్టి, పెద్దక్క పాత నోటుబుక్కుల మీద రాసిన పేపరు కొన్ని నెలలకు వచ్చింది. మొదటి పేరు ఆమెదే. వాళ్ళమ్మ ఆ కాగితాన్ని పదిమందికి చూపించుకుంది. సెలవులిచ్చారు. ఆ మనిషి పిచ్చుక సంచీ తగిలించుకుని, పిచ్చుక ఊరి బస్సెక్కి, పిచ్చుక వాళ్ళింటికి వెళ్ళిపోయింది. పెద్దక్క ఆ పూట కడుపునిండా తిని, చాలా రోజుల తర్వాత పగటిపూట నిద్రపోయింది.

నాలుగో రోజు, ఇంకా ఎండ ఉండగానే, ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమస్తే అమ్మా. మా అమ్మాయి మీ ల్యాబులోనే చదువుతుంది. కంప్యూటర్ల పని... మిమ్మల్ని పెద్దక్క, పెద్దక్క అని ఎప్పుడూ చెప్పేది." పిచ్చుక వాళ్ళమ్మ. ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "కాలేజీలో ఏమైనా జరిగిందా అమ్మా?"

"ఏం లేదే. ఎందుకండీ?"

"పిల్ల మాటలు తగ్గించేసింది. చదువు బరువేమోలే అనుకున్నాం. కానీ పిలిస్తే పలకట్లేదు. పేరు పెట్టి నేను పిలిచాను, వాళ్ళ నాన్న పిలిచాడు. పక్కనే ఉంటుంది, తల కూడా తిప్పదు. చెవులు బాగానే ఉన్నాయమ్మా, గిన్నె చప్పుడైతే చూస్తుంది."

"అలసట అయ్యుంటుంది. రెండు రోజులు పడుకోనివ్వండి..."

"అదే అనుకున్నా. నిన్న మా అత్తగారు మాటల్లో మీ పేపరు సంగతి తీసి, మీ పేరు అన్నారు. పెద్దక్క అని కాదు, మీ అసలు పేరు. వంటింట్లోంచి ఇది, 'ఆఁ, వస్తున్నా,' అంది."

పెద్దక్క చేతిలో ఫోను చెవికి అంటుకుపోయింది.

"అప్పటి నుంచి ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతోంది. ఉండండి, మీకే వినిపిస్తా. మేడ మీద ఉంది."

ఆవిడ ఫోను కాస్త పక్కకు పెట్టింది. మెట్ల కింద నిలబడి కాబోలు, గొంతెత్తి పిలిచింది. తన పేరు. పుట్టినప్పుడు పెద్దక్కకు పెట్టిన పేరు, పేపరు మీద అందరికంటే పైన అచ్చయిన పేరు. అలవాటు కొద్దీ పెద్దక్క నోరు తెరిచింది. పలకబోయింది.

ఆమెకంటే ముందే, అవతలి నుంచి, ఎవరో పలికారు.